మెమరీ బయటపెట్టినవాడు

తేజోన్,
అక్టోబరు 14

అక్కా,

ఉత్తరం చూసి కంగారు పడకు అని మొదలుపెడదామనుకున్నాను. కానీ నేనే కంగారులో ఉన్నాను, కాబట్టి ఆ మాట రాయడం లేదు. ఆర్మీలో ఉన్నప్పుడు తప్ప నీకు కాయితం మీద రాసింది లేదు. ఇప్పుడెందుకంటే నా ఫోన్లు రెండూ కంపెనీవాళ్లు తీసుకున్నారు. నీ కొట్టు నెంబరుకు బయటి నుంచి చేద్దామని వీధి చివర దుకాణం దాకా వెళ్లి, చెయ్యలేక వెనక్కి వచ్చాను. ఎవరు వింటున్నారో తెలియదు. నువ్వు కూడా చెయ్యకు. మెసేజీలు అసలే వద్దు, అవి చదివేది నేను కాదు.

జరిగింది చెబుతాను. ఛుసోక్ పండక్కి వచ్చినప్పుడు నల్ల ల్యాప్‌టాప్ ఒకటి తెచ్చాను కదా. పెద్దలకు పెట్టుకునే వేళ కూడా దాన్నే చూస్తున్నానని నువ్వు తిట్టావు. అది కంపెనీది. ఇక్కడ పరీక్ష ఆగకుండా నడుస్తోంది, దూరం నుంచి కనిపెట్టుకుని ఉండాలని అనుమతి అడిగి మరీ తెచ్చుకున్నాను. దాని పక్కన బయటి వస్తువులు తగిలించే రంధ్రాలుంటాయి. వాటి మీద నీలం స్టిక్కరు అంటించి పంపుతారు. ఆ స్టిక్కరు వెళ్లింది వెళ్లినట్టు తిరిగి రావాలి. పీకితే కింద తెల్లటి అక్షరాలు మిగిలిపోతాయి, మళ్లీ అంటించినా దాగదు. సెలవులయ్యాక గేటు దగ్గర కాపలా ఆయన ల్యాప్‌టాప్ తిప్పి చూసి, "స్టిక్కరేదండీ?" అన్నాడు.

లేదక్కా. స్టిక్కరు లేదు, అక్షరాలు లేవు, వేలితో తడిమితే జిగురు కూడా లేదు. కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది.

వాళ్లకు అనుమానం పెంచింది అదే. మామూలువాడు పీకితే మరక ఉండిపోతుందట. "ఇది చేయి తిరిగినవాళ్ల పని. ఏదో మందు వాడి తుడిచారు" అన్నారు ఆడిట్ మేనేజర్ మేంగ్ గారు. నెమ్మదిగా అన్నారు. ఆయన అరవరు. అరిచినా బాగుండేది.

నా పనేమిటని నువ్వు అడిగినప్పుడల్లా సగం చెప్పి వదిలేశాను. ఇప్పుడు పూర్తిగా చెబుతాను, లేకపోతే నా భయం నీకు అర్థం కాదు. గ్రాఫిక్స్ కార్డు అంటే చెయ్యి బాగా చురుకైన వంటమనిషి అనుకో. కానీ వాడి ముందున్న బల్ల చిన్నది. ఆ బల్లే మెమరీ. పెద్ద పని వస్తే సరుకులు బల్ల మీద పట్టవు, వాడు చేతులు ముడుచుకుని నిలబడిపోతాడు. పెద్ద బల్ల ఉన్న కార్డు కొనాలంటే మాటలు కాదు. మేం చేసేది ఆ మెమరీని బయట పెట్టడం. నీ కొట్టులో పట్టని జాడీలు పక్కన టోఫూ బాబాయి ఫ్రిజ్‌లో పెడతావు చూడు, అలాగ. చవకగా దొరికే స్టోరేజీ డ్రైవులు ఒక పెట్టెలో పేర్చి, మధ్యలో మా చిప్పు పెట్టి, ఇదంతా నీ బల్లేనని కార్డును నమ్మిస్తాం. చిక్కల్లా ఆలస్యం. కార్డుకు ఏం కావాలో అది అడగకముందే కనిపెట్టి బల్ల మీదికి చేర్చాలి. ఆ కనిపెట్టే భాగం నాది. మూడేళ్లు దాని మీదే కూచున్నాను. నెలాఖరున పెద్దవాళ్ల ముందు నడిపి చూపించాలి.

ఆ చిప్పు డ్రాయింగులన్నీ పండగ సెలవుల్లో ఏదో డ్రైవులోకి ఎక్కించుకుని బయటివాళ్లకు అమ్మేశానని ఇప్పుడు వాళ్ల అనుమానం. ఇలాంటిది దేశం దాటితే జైలేనక్కా. పోయినేడు మా పై అంతస్తులో పనిచేసే ఒకాయన్ని విమానాశ్రయంలో పట్టుకున్నారు. ఆయన కారు ఇప్పటికీ మా పార్కింగులోనే దుమ్ము కొట్టుకుని ఉంది. తీసుకెళ్లడానికి భార్యకు మొహం చెల్లడం లేదట. రోజూ దాని పక్క నుంచే నడుస్తాను.

ఇంట్లో ఎవరైనా ఆ ల్యాప్‌టాప్ ముట్టుకున్నారా? మెల్లగా కనుక్కో. బావకు మాత్రం చెప్పకు, ఆయన చెవిన పడితే మార్కెట్టంతా తెలిసిపోతుంది.

తేసోప్


తోంగ్యోంగ్,
అక్టోబరు 17

తేసోప్,

అన్నం తింటున్నావా, లేక ఆ నూడిల్స్ డబ్బాలేనా? ముందు అది చెప్పు.

నీ ఉత్తరం వచ్చేసరికి నా చేతుల నిండా కారం. కడుక్కుని చదివాను. చదివాక మళ్లీ కడుక్కున్నాను, ఎందుకో నాకే తెలీదు. ఉల్లికాడల బస్తా మీద కూలబడ్డాను. ఎదురుగా ఒకావిడ పావుకిలో తామర దుంపలు అడుగుతూ నిలబడి ఉంది, ఆవిడకు ముల్లంగి కట్టి ఇచ్చి పంపానట. తర్వాత వచ్చి దెబ్బలాడింది.

బావకు చెప్పొద్దన్నావు. నేను చెప్పలేదు. నా మొహం చూసి ఆయనే అడిగాడు, అడిగాక ఇక చెప్పకుండా ఎలా ఉంటాను? నువ్వేమైనా ముట్టుకున్నావా అంటే, "నాకెందుకే ఆ నల్ల పలక" అన్నాడు. షిప్‌యార్డు ఉద్యోగం అయిపోయాక కొట్లో కూరలు తరగడం ఆయన పని కదా. ఆ పూట తరిగిన ముల్లంగి ఒక్కటీ సరిగా లేదు. ఆయనకూ నీ మీద బెంగే, పైకి చెప్పడు.

అత్తగారిని అడగలేదు. ఆవిడకు చెవులు బొత్తిగా పోయాయి. ల్యాప్‌టాప్ అని అరిస్తే ఇంకేదో అడిగాననుకుని తినే బల్ల తెచ్చి ముందు పెడుతుంది. ఎనభై నాలుగేళ్ల మనిషి, ఖాళీ జాడీలు ముందేసుకుని ఆవిడ లోకంలో ఆవిడ ఉంటుంది, ఆవిడకేం తెలుస్తుంది? ఇంకెవరూ రాలేదు ఇంటికి. కాబట్టి ఆ స్టిక్కరు బస్సులో రాలిపోయి ఉంటుంది. జిగురు నాణ్యత లేకపోతే నిన్నంటారేమిటి, నా జాడీల లేబుళ్లే దానికంటే నయం.

ఇంకో మాట. నువ్వు సంతోషిస్తావు. మీ మేనేజర్ మేంగ్ గారు నిన్న కొట్టుకు ఫోను చేశారు. ఎంత మర్యాదస్తుడో. "మీ తమ్ముడు పని ఇంటికి తెచ్చుకుంటారా అండీ?" అని అడిగారు.

"పండక్కి కూడా తెచ్చుకున్నాడండీ, ఒక్క క్షణం వదిలితే ఒట్టు" అన్నాను.

"ఆయన చేసే పనేమిటో మీకు తెలుసా?"

నాకు రోషం వచ్చిందిరా. అన్నంలోకి నంజుళ్లు అమ్ముకునేదానికి ఏం తెలుస్తుందిలే అనుకున్నట్టు వినిపించింది. నీ ఉత్తరం అప్పటికే రెండుసార్లు చదివి ఉన్నానాయె. "తెలియకపోవడమేమిటండీ? మెమరీ బయటపెట్టడమే మా వాడి పని. మూడేళ్లుగా అదే చేస్తున్నాడు. ఎవరికేం కావాలో వాళ్లు అడగకముందే చేరవేస్తాడు, అందులో వాణ్ణి మించినవాడు లేడట" అన్నాను.

"ఆ మాట మళ్లీ ఒకసారి చెబుతారా, నెమ్మదిగా?" అన్నారు. రాసుకుంటున్నట్టున్నారు. నేను ఒక్కొక్క మాటే విడదీసి చెప్పాను. నీ వస్తువులేమైనా మా ఇంట్లో ఉన్నాయా అని అడిగితే, "పెట్టెడున్నాయండీ, కిమ్చీ ఊరగాయలు పెట్టుకునే ఫ్రిజ్ వెనకాల. డ్రైవో ఏదో అదీ అందులోనే ఉంది. ఎప్పుడు కావాలన్నా వచ్చి చూసుకోండి" అన్నాను. దాపరికం లేని కుటుంబమని ఆయనకు తెలియాలి కదా.

నెత్తళ్ల వేపుడు, నువ్వుల ఆకుల ఊరగాయ పార్సిల్ చేస్తున్నాను. ఆ మేంగ్ గారికి కూడా ఒక జాడీ పెట్టాను, నీ చేత్తో ఇవ్వు.

బోంగ్‌సుక్ అక్క


తేజోన్,
అక్టోబరు 20

అక్కా,

కొంప మునిగింది.

నీ వాక్యం నాకు చదివి వినిపించారు. చిన్న గదిలో, నలుగురి ముందు, మేంగ్ గారు కాయితం పట్టుకుని చదివారు. 'మెమరీ బయటపెట్టడమే మా వాడి పని. మూడేళ్లుగా అదే చేస్తున్నాడు. ఎవరికేం కావాలో వాళ్లు అడగకముందే చేరవేస్తాడు.' చదివి, కాయితం బల్ల మీద పెట్టి, నా వంక చూశారు. నేను బయట పెట్టడం అన్నాను, మా అక్క బయటపెట్టడం అంది, మధ్యలో ఖాళీ ఉంది, రెండూ ఒకటి కాదు అని చెప్పబోయాను. చెబుతూ ఉంటే నాకే అబద్ధంలా వినిపించింది.

ఇది చాలదన్నట్టు ఇంకోటి బయటపడింది. ల్యాప్‌టాప్ తనకు ఏం తగిలించినా గుర్తుంచుకుంటుంది. పండగనాడు భోజనాల వేళ దానికి ఏదో తగిలించారక్కా. అదేమిటో పేరు పడలేదు, ఒక నెంబరు మాత్రం పడింది. లోపల ఫైళ్లు దాచుకునే వీలున్న వస్తువేనట. నేను తగిలించలేదు. నేనప్పుడు నీ పక్కన కూచుని ముల్లంగి పులుసు తాగుతున్నాను. ఆ మాట చెబితే సాక్షి ఎవరని అడిగారు. మా అక్క అన్నాను. ఎవరూ నవ్వలేదు.

నన్ను ల్యాబ్‌లోకి రానివ్వడం లేదు. అద్దాల గదిలో ఉత్త బల్ల ముందు కూచోబెట్టారు. అద్దంలోంచి మావాళ్లు కనిపిస్తారు. నేను చేసిన భాగం దగ్గర పరీక్ష ఆగిపోయిందని వాళ్ల మొహాలు చూస్తే తెలుస్తోంది. కార్డు అడుగుతోంది, బయటి పెట్టెలోంచి సరుకు రావడం లేదు. ఏం మార్చాలో నాకు తెలుసు. లేచి వెళ్లి చెప్పడానికి లేదు. నిన్న మా జట్టులో చిన్నది ఒకర్తె నీళ్ల మెషీను దగ్గర ఎదురుపడి, నన్ను చూసి గ్లాసు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. అందరికీ భయమే. నన్ను చూస్తే అంటుకుంటుందేమోనని.

నువ్వు డ్రైవు గురించి కూడా చెప్పేశావు. అది నా కాలేజీ నాటిది. అందులో ఏముందో నాకే సరిగా గుర్తులేదు. మొదటి ఉద్యోగంలో ఇంట్లో కూచుని చేసిన లెక్కలు కొన్ని ఉండొచ్చు, ఆ రోజుల్లో అందరం అలాగే ఇంటికి తెచ్చుకునేవాళ్లం. ఇప్పుడు అవి కంటబడితే చాలు, వీడికి ఇది ముందు నుంచీ అలవాటే అంటారు. అక్కా, నీ కాళ్లకు దణ్ణం పెడతాను, దాన్ని పారెయ్యి. సుత్తితో కొట్టి సముద్రంలో పడెయ్యి. ఇవాళే. మేంగ్ గారు మళ్లీ ఫోను చేస్తే నోరు జారకు.

నెత్తళ్ల జాడీ ఆయనకు ఇవ్వలేదు. ఇస్తే లంచం అంటారు. నేనూ తినలేకపోయాను.

రాత్రి లిఫ్టు చప్పుడైనప్పుడల్లా లేచి కూచుంటున్నాను.

తేసోప్


తోంగ్యోంగ్,
అక్టోబరు 22

తేసోప్,

నువ్వు చెప్పినట్టే చేశాను. డ్రైవు పోయింది. మీ బావ సుత్తితో రెండు దెబ్బలేశాడు, కిమ్చీ జాడీ మీద పెట్టే రాయి దానికి కట్టి, ఆలిచిప్పల పడవ మీద పోయి సముద్రంలో వదిలేసి వచ్చాం. ఎక్కడ వేశామో మాకే గుర్తుండదు. ఇక దాని ఊసు లేదు. ఇవాళైనా పడుకో.

నీ వాక్యం అంటావేమిట్రా, నా వాక్యం కాదది, నీ ఉత్తరంలో నువ్వు రాసిందే. అయినా తప్పు నాదే. నా నోటికి ఊరగాయ రాయి పెట్టాల్సింది. రోజంతా ఎవరు ఏ గిన్నె ముందు నిలబడినా వాగుతూనే ఉంటాను, అమ్మకం అలవాటు. ఇప్పుడు పావుకిలో అడిగినవాళ్లకు పావుకిలో ఇచ్చి ఊరుకుంటున్నాను. టోఫూ బాబాయి వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

మేంగ్ గారు మళ్లీ చేశారు. ఈసారి నేను చాలా జాగ్రత్తగా ఉన్నాను. నువ్వు చూస్తే మెచ్చుకుంటావు. టీవీలో పెద్దపెద్దవాళ్లు విచారణలో చెబుతారు కదా, అలాగే చెప్పాను. పండగనాడు ఎవరెవరు వచ్చారంటే, గుర్తులేదండీ. మీ తమ్ముడు ఎక్కడ కూచున్నారంటే, గుర్తులేదండీ. "పోయిన వారం ఒక పెట్టె ఉందన్నారు కదా" అన్నారు. "ఏ పెట్టండీ?" అన్నాను. ఆయన దగ్గారు. "కిమ్చీ ఫ్రిజ్ వెనకాల అన్నారు" అన్నారు. "మాకు కిమ్చీ ఫ్రిజ్ లేదండీ" అన్నాను. నంజుళ్ల కొట్టు నడిపేదాన్ని, ఆ మాట ఎలా వచ్చిందో నా నోట. చెప్పాక వెనక్కి తీసుకోలేను కదా. ఫోను పెట్టేశాను.

మీ బావ అన్నం ముందు కూచుని లేచిపోతున్నాడు. ఆ తగిలించిన వస్తువు సంగతి చదివి వినిపించాక మరీనూ. ఫోను మోగితే ఆయనే ముందు ఉలిక్కిపడుతున్నాడు. ఇంట్లో మామూలుగా ఉన్నది అత్తగారొక్కర్తే. ఏమీ వినపడని మనిషికి ఎంత సుఖమో అనిపిస్తోంది.

నాకు ఒకటే భయం. నిన్ను తీసుకెళ్లేటప్పుడు నాకు చెబుతారా, లేక టీవీలో చూడాలా? టీవీలో పట్టుకెళ్లేవాళ్ల మొహాలకు టోపీలూ మాస్కులూ ఉంటాయి. అయినా నీ నడక నాకు తెలిసిపోతుంది.

బోంగ్‌సుక్ అక్క


తేజోన్,
అక్టోబరు 24

అక్కా,

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. చదివి రెండు ముద్దలు తిన్నాను. పోయింది కదా, పీడ వదిలింది అనుకున్నాను. మధ్యాహ్నం మేంగ్ గారు పిలిచారు.

ఆ డ్రైవు తెమ్మన్నారు.

దాన్ని తెరవను కూడా తెరవరట. పైన ఉన్న నెంబరు, ల్యాప్‌టాప్‌లో పడ్డ నెంబరు ఒకటా కాదా చూస్తారట, అంతే. కలవకపోతే దాన్ని నీకు తిరిగి పంపించేస్తారు. "అది మీకు మేలే చేస్తుంది, వెంటనే తెప్పించండి" అన్నారు. ఆయన నాకు మేలు చేయాలని చూస్తున్నారక్కా. నేనేమో ఆయన ముందు నీళ్లు నమిలాను. లేదని చెబితే ఏమైందంటారు. పారేశామంటే ఎందుకంటారు. ఉన్న పెట్టె లేదన్నారు మీ అక్క, కిమ్చీ ఫ్రిజ్ కూడా లేదన్నారు, ఏమిటిదంతా అని అడిగారు. మంగళవారం దాకా గడువు. ఆ లోపు రాకపోతే విషయం పోలీసులకు వెళుతుంది, ఆ తర్వాత నా చేతిలో ఏమీ ఉండదు అన్నారు.

ఏ తప్పూ చేయనివాణ్ణి, నా తప్పు లేదని చూపించే ఒకే ఒక్క వస్తువును నేనే సముద్రంలో వేయించాను. ఎవరూ నమ్మరు. నేనైనా నమ్మను.

ఎవరైనా దిగి వెతికితే దొరుకుతుందా? బావకు ఆ చోటు ఏమాత్రం గుర్తులేదా? ఒకసారి అడుగు. ఆలిచిప్పలు తీసేవాళ్లకు చెప్పి చూడు. నాకు తెలుసు, పిచ్చి మాటలు.

నీ పేరు వాళ్ల కాయితాల్లో మూడు చోట్ల ఉంది. సాక్ష్యం మాయం చేసినవాళ్లకూ శిక్ష ఉంటుందని ఇవాళే తెలిసింది. పారెయ్యమని బలవంతం చేసింది నేనేనని మంగళవారం నేనే చెప్పేస్తాను. ఎవరైనా వస్తే నువ్వు అదే చెప్పు. నాకేం తెలీదు, వాడు చెప్పమన్నాడు, చేశాను అను. ఇది ఒక్కటి నా మాట విను.

చలిగా ఉందా అక్కడ?

తేసోప్


తోంగ్యోంగ్,
అక్టోబరు 29

తేసోప్,

నిన్ను పిలిచి అంతా తీరిపోయిందని చెప్పారు కదా. ఎలా తీరిందో చెప్పి ఉండరు, నేనే చెప్పొద్దన్నాను. నా చేత్తో రాద్దామని.

డ్రైవు నేను సముద్రంలో వెయ్యలేదు. సుత్తీ లేదు, పడవా లేదు. వేశానని రాస్తే ఒక్క రాత్రైనా పడుకుంటావని రాశాను. నువ్వు ఆర్మీకి వెళ్లే ముందు రోజు గిటారు పారెయ్యమన్నావు, అది చూస్తే ఏడుపొస్తోందని. నిజంగానే పారేశాను. మొదటి సెలవుకు వచ్చి ఇల్లంతా దాని కోసం చూశావు. నన్నేమీ అనలేదు గానీ ఆ పూట అన్నం తినలేదు. అది మనసులో ఉండిపోయింది. అందుకే ఈసారి డ్రైవును గుడ్డలో చుట్టి ఎండు మిరపకాయల డబ్బాలో పెట్టాను.

నీ ఆఖరి ఉత్తరం మీ బావ ముందే పైకి చదివాను. నెంబరు కలుస్తుందా లేదా చూస్తారట అనేసరికి ఆయన చేతిలో చాప్‌స్టిక్స్ కింద పెట్టేశాడు. "ఏ వస్తువుకైనా నెంబరుంటుందా?" అన్నాడు. ఉంటుందేమో అన్నాను. "ఫోనుక్కూడా?" అన్నాడు. అప్పుడు చెప్పాడు. పండగనాడు ఇంట్లో ఉన్న ప్లగ్గులన్నీ అట్ల పెనాలకే సరిపోయాయి. ఆయన ఫోను చచ్చిపోయింది. నీ నల్ల పలక పక్కన రంధ్రం కనిపించింది, మూతా లేదు గీతా లేదు, తీగ పెట్టేశాడు. భోజనం అయ్యేదాకా ఉంచి తీసేసుకున్నాడు. అంత మాత్రానికి దాస్తావా అంటే, "నేను గుచ్చడం వల్లే వాడి మెషీను చెడిపోయిందనుకున్నాను. తర్వాత జైలన్నావు. ఇక నోరు పెగల్లేదు" అన్నాడు. అరవై ఏళ్ల మనిషి, ఓడలు కట్టినవాడు, పసివాడిలా ఏడ్చాడు. నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

సోమవారం కొట్టు మూసేసి ముగ్గురం తేజోన్ బస్సెక్కాం. అత్తగారిని ఒంటరిగా వదలలేం కదా. దారి పొడుగునా మీ బావ ఫోను రెండు చేతుల్లో పట్టుకునే కూచున్నాడు, నేను డ్రైవు ఒళ్లో పెట్టుకున్నాను. టోల్ గేటు దగ్గర పోలీసు కారు కనిపిస్తే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఈ వస్తువులు పట్టుకుని నడిచి వెళ్లి లోపలున్నవాణ్ణి ఇంకా లోపలికి తోస్తున్నామేమో అని కూడా అనిపించింది. తిరిగి వెళ్లిపోదామా అని మీ బావ అన్నాడు. వెళ్లిపోదామనే నాకూ ఉంది.

మీ గేటు దగ్గర ఫోన్లు తీసుకుని కెమెరాల మీద ఆ నీలం స్టిక్కర్లే అంటించి ఇచ్చారు. మేంగ్ గారు కిందికి వచ్చారు. ఫోనులో గొంతు విని పెద్ద ఆసామీ అనుకున్నాను, బక్కపలచటి మనిషి, స్వెటరు మోచేతి దగ్గర చిరిగి ఉంది. ముందు క్షమాపణ చెప్పాను, మాకు కిమ్చీ ఫ్రిజ్ ఉందండీ, రెండున్నాయి అని. డ్రైవు నెంబరు చూశారు, కలవలేదు. మీ బావ ఫోను తీసుకుని ఇంకెవరినో పిలిచి లోపలికి వెళ్లారు. అక్కడ బెంచీ మీద ఎంతసేపు కూచున్నామో నాకు తెలీదు. వచ్చి, "ఇదే నెంబరు. చార్జింగు తప్ప ఏమీ జరగలేదు" అన్నారు. కానీ ఆయన మొహం ఇంకా విప్పారలేదు. "మరి స్టిక్కరు ఎవరు తీశారు? అదీ అంత శుభ్రంగా?" అన్నారు. నేను మీ బావ వంక చూశాను, మీ బావ నా వంక చూశాడు. నిజంగానే మాకు తెలీదు. మళ్లీ మొదటికొచ్చిందనుకున్నాను.

అప్పుడే అత్తగారు ఆయన స్వెటరు పట్టుకుని లాగింది. చేతిలో నా ఫోను. మేం మాటల్లో ఉండగా నా సంచీలోంచి తీసుకున్నట్టుంది. బొటనవేలి గోటితో నీలం స్టిక్కరు అంచు లేపి, నోటి ఆవిరి పట్టి, మెల్లగా ఊడదీసి, జుట్టుకు రాసుకున్న నూనె వేలికి అద్దుకుని మిగిలిన అక్షరాలు కూడా తుడిచేసింది. రెండు చేతులతో ఆయనకు అందించి, "తీసుకో బాబూ, శుభ్రం చేశాను" అంది.

కాపలా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మేంగ్ గారు ఆ ఫోనును దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇంట్లో కూడా ఇలాగే చేస్తారా?" అన్నారు. రోజంతా ఇదేనండీ అన్నాను. మా జాడీలన్నీ జనం తిరిగి తెచ్చి ఇస్తారు, వాటి లేబుళ్లు ఊడదీసి నువ్వుల నూనెతో తుడవడమే ఆవిడ పని, ఇంట్లో లేబులున్న వస్తువు ఒక్కటి కూడా ఉండనివ్వదు, మందు సీసాలతో సహా. చెబుతూ ఉండగానే నాకు తెలిసొచ్చింది. అన్ని రోజులూ కళ్ల ముందు కూచుని అదే చేస్తోంది, ఒక్కసారి నాకు తట్టలేదురా.

ఆయన నవ్వలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఆ మాట మధ్యలో ఖాళీ ఉందని మీ తమ్ముడు అప్పుడే చెప్పాడు. నేను నమ్మలేదు" అన్నారు. ఇక నువ్వు ల్యాబ్‌లోకి వెళ్లొచ్చన్నారు, ఇప్పుడే పైకి వెళ్లి చెబుతానన్నారు. నిన్ను కిందికి పంపమంటారా అంటే, వద్దండీ, ముందు వాడి పని వాణ్ణి చేసుకోనివ్వండి, చాలా రోజులు ఆగిపోయింది అన్నాను. గొప్పగా అనేశాను గానీ నిన్ను చూడకుండా వెళ్లబుద్ధి కాలేదు. గేటుకు ఎదురుగా బస్టాపులో కూచున్నాం.

సాయంత్రం నువ్వు బయటికి వచ్చావు. అప్పటికి నీకు చెప్పేశారు, అది నాకు తెలుసు. కాపలా ఆయన నిన్నేమీ అడగలేదు. నువ్వే సంచీ తెరిచి బల్ల మీద బోర్లించావు. జేబులు నాలుగూ బయటికి లాగావు, కోటు విప్పి దులిపావు, చేతులు కాస్త పైకి పెట్టి నిలబడ్డావు. ఆయన నవ్వుతూ వెళ్లండి వెళ్లండి అంటున్నాడు, నువ్వు కదలవు. ఇంకెవరో వచ్చి చూస్తారన్నట్టు అలాగే నిలబడ్డావు. వెళ్లమని ఆయన భుజం మీద చెయ్యి వేస్తే ఒక్కసారి ముడుచుకుపోయావు. తర్వాత రోడ్డు వారగా నడిచి వచ్చావు. జేబులు ఇంకా బయటికి వేలాడుతూనే ఉన్నాయి.

రోడ్డుకు ఇవతల నేను. నీ పేరు గొంతు దాకా వచ్చింది. పిలిస్తే ఉలిక్కిపడతావని పిలవలేదు.

అక్క